ముసలి చేతికీ ఆట కావాలి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన అంతర్జాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



 ఆగస్టు 9 వచ్చిందంటే మనం భూమి గురించి, అడవి గురించి, భాష గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసినవే. ఈసారి మేము మాత్రం ఒక చిన్న విషయం ఎంచుకున్నాం. మన తాతల, అవ్వల చేతులు, ఆ చేతులు మరిచిపోతున్న ఆటలు. విషయం చిన్నదేగానీ దాని వేరు చాలా లోతుకు, మనిషి మనిషైన కాలం దాకా పోతుంది. ఆ వేరు వెంట కొంచెం దూరం నడిచి, మళ్లీ మన గూడేనికి వద్దాం.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పరిణామం, కోతులు, ఆదిమానవుడు అనే మాటలు వినపడగానే మనవాళ్లలో చాలామందికి మనసు చివుక్కుమంటుంది. అందుకు కారణం ఉంది. ఆదివాసీ అంటే పాతకాలం మనిషి అనీ, ఎదుగుదల ఆగిపోయిన మనిషి అనీ రాసిన పుస్తకాలు మనం చదివాం. ప్రభుత్వ లెక్కల్లో కూడా కొన్ని తెగలకు చాలాకాలం 'ఆదిమ' అనే ముద్ర ఉండేది. 2006లో గానీ ఆ పేరు మార్చలేదు. సైన్సు చెప్పేది అది కాదు. ఈ రోజు భూమి మీదున్న ప్రతి మనిషి చేయీ ఒకే వయసుది. హైదరాబాదులో కంప్యూటర్ మీద ఆడే చేయి, నల్లమలలో గడ్డ తవ్వే చేయి ఒకే పూర్వీకుల నుంచి వచ్చాయి. ఒకటి ముందూ కాదు, ఇంకొకటి వెనకా కాదు. ఇప్పుడు మేము చెప్పబోయేది మనుషులందరి చేతి కథ.

ఒక్కసారి మీ కుడిచేయి చూసుకోండి. మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14, మొత్తం 27 ఎముకలు. విచిత్రమేమిటంటే, వేళ్లను ముడిచే కండరాలు వేళ్లలో లేవు. అవి ముంజేతిలోనూ అరచేతిలోనూ ఉండి, గట్టి తాళ్లలాంటి తంతులతో వేళ్లను లాగుతాయి. తోలుబొమ్మలాటలో బొమ్మను ఆడించేవాడు తెర వెనక ఉన్నట్టే ఇదీ. ఇక బొటనవేలు. దాని మొదట్లో ఉన్న కీలు గుర్రం జీను ఆకారంలో ఉంటుంది. అందుకే అది నాలుగు వైపులా తిరిగి, చిటికెన వేలి కొసను కూడా తాకగలదు. చింపాంజీ బొటనవేలు పొట్టిది. సూదిని పట్టుకున్నంత నేర్పుగా వేలికొసల మధ్య వస్తువును పట్టుకోవడం దానికి కష్టం.

ఈ చేయి ఒక్కరోజులో తయారు కాలేదు. కెన్యాలో తుర్కానా సరస్సు పడమటి ఒడ్డున, లొమెక్వి అనే చోట 2011లో దొరికిన రాతి పనిముట్లు 33 లక్షల ఏళ్ల నాటివి. టాంజానియాలోని ఓల్డువాయి లోయలో దొరికిన ఎముకలను బట్టి 1964లో శాస్త్రవేత్తలు ఒక పాత మానవజాతికి 'హోమో హాబిలిస్' అని పేరు పెట్టారు. చేతిపనిమంతుడు అని దాని అర్థం. మన వైపు చూస్తే, చెన్నై దగ్గరి అత్తిరంపాక్కంలో సుమారు 15 లక్షల ఏళ్ల నాటి రాతి గొడ్డళ్లు బయటపడ్డాయి. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో పేలిన అగ్నిపర్వతం బూడిద పొర కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. ఆకాశం నుంచి బూడిద కురిసినా ఈ నేల మీద చేతిపని కొనసాగింది.

పనిముట్ల గురించి బడిలో చెబుతారు. ఆట గురించి ఎవరూ చెప్పరు. ఆలోచించండి, ఏ పిల్లవాడైనా మొదటిరోజే రాయిని చెక్కి గొడ్డలి చేశాడా? ముందు రాయితో రాయి కొట్టి చప్పుడు విన్నాడు, విసిరాడు, దొర్లించాడు, వేలు చితక్కొట్టుకున్నాడు, మళ్లీ కొట్టాడు. ఆ ఆట ఆడీ ఆడీనే చేతికి పని వచ్చి ఉంటుంది.

ఆట మనిషితో మొదలు కాలేదు. కుక్కపిల్ల, మేకపిల్ల, ఎలుకపిల్ల అన్నీ ఆడతాయి. ఆడితే ఒంట్లో శక్తి ఖర్చవుతుంది, దెబ్బలు తగులుతాయి, పులి కంట పడే ప్రమాదమూ ఉంది. ఇంత నష్టం ఉన్నా ఆట ఇన్ని జంతువుల్లో నిలిచిందంటే, దానివల్ల పెద్ద లాభమే ఉండాలి. తోటివాటితో ఆట లేకుండా పెరిగిన ఎలుకలు పెద్దయ్యాక ఇతర ఎలుకలతో మెలగడంలో తడబడతాయని ప్రయోగాల్లో తేలింది. ఉగాండాలోని కిబాలే అడవిలో చింపాంజీ పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, కర్రముక్కలను బిడ్డల్లా ఎత్తుకు తిరగడం 2010లో పరిశోధకులు ప్రచురించారు. మన పిల్లలు మొక్కజొన్న కంకిని బిడ్డలా ఎత్తుకుంటారు కదా, అలాగే.

అయితే చాలా జంతువుల్లో పెద్దయ్యేకొద్దీ ఆట తగ్గిపోతుంది. మనిషిలో మాత్రం మిగులుతుంది. మన బాల్యం మిగతా జంతువుల కంటే చాలా పొడుగు. పిల్లతనపు లక్షణాలు కొన్ని పెద్దయ్యాక కూడా మనలో నిలిచిపోవడం మానవజాతి ప్రత్యేకత అని స్టీఫెన్ జే గౌల్డ్ 1977లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా చర్చించారు. ఆష్లీ మాంటెగ్యూ 1981లో దీని మీదే ఇంకో పుస్తకం రాశారు. ఆయన చెప్పినదాని సారం ఏమిటంటే, కుతూహలం, నవ్వు, ఆట వదిలిపెట్టవలసిన పిల్లచేష్టలు కావు, చివరిదాకా కాపాడుకోవలసిన మానవ లక్షణాలు.

ఇక్కడ మాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటి ఉంది. జపాన్‌లో క్యోటో దగ్గర అరాషియామ అనే కొండ మీద కోతుల గుంపు ఉంది. 1979లో ఒక చిన్న ఆడకోతి గులకరాళ్లు పోగుచేసుకుని ఆడుకోవడం మైకేల్ హఫ్‌మన్ అనే పరిశోధకుడు చూశారు. రాళ్లను దొర్లించడం, ఒకదానితో ఒకటి రుద్దడం, టకటకలాడించడం, కుప్పగా పోయడం, చంకన పెట్టుకుని పోవడం, అంతే. దానివల్ల తిండి దొరకదు. కడుపు నిండాక ఆడుకునే ఆట అది. కొన్నేళ్లలోనే అది గుంపులోని పిల్లలందరికీ పాకింది. ఆనాటికి పెద్దవైపోయిన కోతులు నేర్చుకోలేదు. చిన్నప్పుడు నేర్చుకున్నవి మాత్రం ముసలివయ్యాక కూడా రాళ్లాట మానలేదు. 2007లో హఫ్‌మన్, చార్మలీ నహల్లగే కలిసి రాసిన వ్యాసంలో ఒక ఊహ ముందుకు తెచ్చారు. పిల్లకోతికి రాళ్లాట చేతినీ మెదడునూ పెంచుకోవడానికి పనికొస్తుంది, ముసలి కోతికి అదే ఆట మెదడు మందగించడాన్ని కొంత ఆలస్యం చేయడానికి పనికొస్తుండవచ్చు అని. అది ఊహేగానీ, మనం ఆలోచించవలసిన ఊహ.

గులకరాళ్లు అనగానే మీ అందరికీ అచ్చనగండ్లు గుర్తుకొచ్చి ఉంటాయి. ఐదు రాళ్లు చాలు. డబ్బు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఒక రాయి పైకి ఎగరేసి, అది కిందికి వచ్చేలోగా నేల మీది రాయి తీసి, రెండూ అదే చేత్తో పట్టాలి. ఆ తర్వాత రెండేసి, మూడేసి, నాలుగూ ఒకేసారి. చివరికి ఐదింటినీ అరచేతి వెనక నిలబెట్టి, ఎగరేసి, గుప్పిట్లో పట్టాలి. ఇందులో కన్ను, చెవి, వేలు, లెక్క అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. బొటనవేలూ చూపుడువేలూ కలిసి నేల మీది రాయిని గిల్లుతుంటే, మిగిలిన మూడు వేళ్లు ముందే తీసిన రాళ్లను దాచుకోవాలి. ఒకే చేయి రెండు పనులు చేయడమన్నమాట. కెనడాలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే వైద్యుడు 1930లలో మెదడు పైపొరలో ఏ భాగం ఏ అవయవాన్ని కదిలిస్తుందో గుర్తించారు. అందులో నడుముకూ వీపుకూ దక్కినది కొంచెమే. చేతికీ ముఖానికీ దక్కినది చాలా ఎక్కువ. చెయ్యి ఆడితే మెదడులో అంత పెద్ద భాగం ఆడుతుంది.

ఇప్పుడు ముసలితనం దగ్గరికి వద్దాం.

ముసలితనం కొత్తగా వచ్చిందనీ, పూర్వం అందరూ ముప్పై ఏళ్లకే పోయేవారనీ చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పసిపిల్లలు ఎక్కువమంది చనిపోవడం వల్ల సగటు ఆయుష్షు తక్కువగా కనిపించేది. వేట మీదా సేకరణ మీదా బతికే సమాజాల లెక్కలను మైకేల్ గర్వెన్, హిల్లార్డ్ కప్లాన్ 2007లో పరిశీలించారు. బాల్యం దాటి పెద్దయినవారు ఎక్కువగా 70 ఏళ్లకు అటూ ఇటూ చనిపోతున్నారని వాటిలో కనిపించింది. అంటే అడవిలో అవ్వా తాతా ఎప్పుడూ ఉన్నారు.

ఎందుకు ఉన్నారు? టాంజానియాలో ఎయాసి సరస్సు దగ్గర హాడ్జా అనే ప్రజలున్నారు. అక్కడి అవ్వలు గట్టినేలలో కర్రతో గడ్డలు తవ్వడంలో పడుచువాళ్లకు తీసిపోరు. తల్లి కొత్తగా బిడ్డను కన్నప్పుడు, పెద్దపిల్లల కడుపు నింపేది ఎక్కువగా అవ్వ తవ్విన గడ్డలే. క్రిస్టెన్ హాక్స్ బృందం దీన్ని చూసి, మనిషికి పొడుగాటి ముసలితనం రావడానికి అవ్వల సాయమే ఒక కారణమని ప్రతిపాదించింది. నల్లమల చెంచు అవ్వలను చూసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఏమీ ఉండదు. ఏ తీగ కింద గడ్డ ఎంత లోతున ఉందో, ఎక్కడ ఆపి కొంత ముక్క మళ్లీ మొలవడానికి వదలాలో ఆ చేతికి తెలుసు. ఆ చేతి వెంట తిరుగుతూ, మట్టిలో ఆడుకుంటూ పిల్లలు నేర్చుకుంటారు.

అయినా ముసలి చేతిని పొగిడి ఊరుకుంటే సరిపోదు. అది పడే బాధ కూడా చెప్పాలి. వయసు పెరిగితే కండ తగ్గుతుంది. బొటనవేలి కీలు అరుగుతుంది. బిందె మూత తిప్పాలన్నా నొప్పే. వేలికొసల స్పర్శ మొద్దుబారుతుంది. 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో మన దేశంతో సహా 17 దేశాల్లో సుమారు 1 లక్షా 40 వేల మంది పిడికిలి బలాన్ని కొలిచారు. బలం 5 కిలోలు తగ్గిన కొద్దీ చనిపోయే ప్రమాదం 16 శాతం ఎక్కువగా కనిపించింది. పిడికిలి బిగిస్తే ఆయుష్షు పెరుగుతుందని దీని అర్థం కాదు. ఒంటి పరిస్థితి ఎలా ఉందో చెయ్యి ముందుగా చెబుతుందని అర్థం.

కానీ నేర్పు అంత త్వరగా పోదు. 1984లో తిమోతీ సాల్ట్‌హౌస్ టైపిస్టుల మీద ఒక పరిశోధన చేశారు. పెద్దవయసు టైపిస్టుల వేళ్లు ఒక్కో మీట దగ్గర నెమ్మదించాయి, అయినా మొత్తం టైపింగ్ వేగం తగ్గలేదు. ఎలా? వాళ్లు పడుచువాళ్ల కంటే ముందరి అక్షరాలను చదువుకుంటూ పోతున్నారు. చెయ్యి నెమ్మదిస్తే కన్ను ముందుకు పోయిందన్నమాట. అచ్చనగండ్లలో అవ్వ చేసేదీ ఇదే. చెయ్యి మెల్లగా కదులుతుంది కాబట్టి రాయిని ఇంకో జానెడు ఎత్తుకు ఎగరేస్తుంది. ఆ జానెడులో తనకు కావలసిన సమయం సంపాదించుకుంటుంది. మనవరాలు వేగంగా ఆడి ఓడిపోతుంది, అవ్వ నిదానంగా ఆడి గెలుస్తుంది.

మన కళలన్నీ ఇలా చేతి నుంచి చేతికి వచ్చినవే. కొలాం పెద్దలు వెదురు బద్దలు చీల్చి బుట్టలు అల్లుతారు. ఉషేగాం ఓజాలు మైనం దారాలు చుట్టి ఇత్తడి బొమ్మలు పోస్తారు. ఆ ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో బొమ్మలు వేస్తారు. బుట్ట అల్లేచోట పిల్లల చేతికి తునక బద్దలు దొరుకుతాయి, బొమ్మ పోసేచోట మైనం ముద్ద దొరుకుతుంది. మొదటి పాఠం ఆ తునకలతోనే. ఫ్రాన్సులో రూఫిన్యాక్ అనే గుహ ఉంది. దాని మెత్తని గోడల మీదా కప్పు మీదా వేల ఏళ్ల కిందటి వేళ్ల గీతలున్నాయి. వాటిలో కొన్ని మూడు నుంచి ఏడేళ్ల పిల్లలవని గీతల వెడల్పును బట్టి తేల్చారు. కప్పు పిల్లలకు అందదు. ఎవరో పెద్దవాళ్లు ఎత్తుకుంటేనే ఆ వేళ్లు కప్పును తాకాయి. ఆ ఎత్తుకున్న చేతులు గీత గీయలేదుగానీ, అవి లేకపోతే ఆ గీత లేదు.

దండారి సంగతి మన గోండు బంధువులకు వేరే చెప్పక్కర్లేదు. నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీ దేవుడి సొత్తు. ఆ గుస్సాడీయే జనాన్ని నవ్విస్తాడు, ఆటపట్టిస్తాడు. పూజకూ పరిహాసానికీ మధ్య మన పెద్దలు గోడ కట్టలేదు. మార్లవాయికి చెందిన గుస్సాడీ కనకరాజు గారు వయసు మీద పడినా పడుచువాళ్లకు అడుగులు నేర్పుతూనే ఉన్నారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో వెళ్లిపోయారు. అదే ఏడాది జూన్‌లో, కోయల కంచుమేళం పాటగాడు, 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారూ వెళ్లిపోయారు. తెగ చరిత్రను పుస్తకం లేకుండా, డోలు మీద చేతితో నిలబెట్టినవారు ఆయన. ఆరు నెలలు తిరగకుండానే అలాంటి చేతులు రెండు పోయాయి. వారి పాటలు కొన్ని రికార్డయ్యాయి. కానీ చెయ్యి డోలు మీద ఎక్కడ బరువుగా పడాలి, ఎక్కడ తేలికగా తాకాలి అన్నది పక్కన కూర్చుని వాయించిన వాళ్లకే వస్తుంది. అలా పక్కన కూర్చున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో మనలో మనమే లెక్క చూసుకోవాలి.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. జీవితమంతా కలుపు తీసిన, విప్పపువ్వు ఏరిన, తునికాకు కట్టలు కట్టిన చేతి వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. వయసు వల్ల చర్మం పలచబడి, ఎండిపోయి ఆ గీతలు ఇంకా చదునవుతాయి. రేషన్ దుకాణంలో, పింఛను ఇచ్చేచోట వేలు పెడితే యంత్రం కాదంటుంది. తుడిచి మళ్లీ పెట్టమంటారు. ఎక్కువ పని చేసిన చెయ్యే తన పేరు రుజువు చేసుకోలేకపోతోంది. వేలిముద్ర సరిపోలేదన్న కారణంతో అర్హులకు అందవలసింది ఆగకూడదని 2018 సెప్టెంబరు నాటి ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కనుపాప, ఓటీపీ వంటి వేరే దారులూ ఉన్నాయి. ఆ దారులు అవ్వకు తెలియవు. చదువుకున్న మనం పక్కన నిలబడితే చాలు, ఆ అవ్వ ఉత్త చేతులతో తిరిగి రాదు.

ఇన్ని చెప్పి మేము అడిగేది నాలుగు మాటలే.

ఒకటి. నెలకు ఒక్క పూట, బడిలోనో అంగన్‌వాడీలోనో చెట్టు కిందనో, పెద్దలనూ పిల్లలనూ ఒకచోట కూర్చోబెడదాం. ఉపన్యాసాలు వద్దు, బహుమతులు వద్దు. అచ్చనగండ్లు, వామనగుంటలు, పులి-మేక, బొంగరం, డోలు, వెదురు బద్దలు ఉంటే చాలు.

రెండు. వీడియో తీసేటప్పుడు పెద్దల ముఖం ఒక్కటే తీయకండి. భుజం వెనక నుంచి చేతులు తీయండి. నేర్చుకునేవాడికి చెయ్యి ఏ వైపు తిరుగుతుందో కనపడాలి. ఆ ఆటకూ ఆ పనికీ గోండిలో, కొలామిలో, కోయలో, సవరలో ఏమేం మాటలున్నాయో ఆ పెద్దల నోటితోనే చెప్పించండి. చెయ్యి ఆగినచోట ఆ మాట కూడా ఆగిపోతుంది.

మూడు. మన సంఘం సభ్యులు ప్రతి గూడెంలో వేలిముద్ర పడని పెద్దల జాబితా రాసుకుని, రేషన్ రోజునా పింఛను రోజునా వారి వెంట వెళ్లాలి.

నాలుగు. ఆటను మందు చేయకండి. రోజూ ఇరవై నిమిషాలు ఆడాలి అని అవ్వ మీద అజమాయిషీ చేస్తే అది ఆట కాదు, ఇంకో కూలిపని. నొప్పిగా ఉన్న రోజు ఆమె ఊరికే కూర్చుని చూస్తుంది, తప్పు ఆడినవాళ్లను తిడుతుంది. అదీ ఆటే. అలాగే, ముసలివాళ్లు ఖాళీగా ఉన్నారు కదా అని పిల్లల కాపలా అంతా వారి నెత్తిన వేసి, దానికి సంస్కృతి అని పేరు పెట్టకండి.

ఈ వయసులో ఆటలేమిటి అనే మాట మన ఇళ్లలో తరచుగా వినపడుతోంది. అది మన పెద్దల నుంచి వచ్చిన మాట కాదు. మన పండుగల్లో ముసలివాళ్లు ఎప్పుడూ మధ్యలో ఉన్నారు, గోడవారకు చేరింది ఈమధ్యనే. లక్షల ఏళ్లుగా ఆడి ఆడి తయారైన చేతిని ఇప్పుడు ఒళ్లో పెట్టుకుని కూర్చోమనే హక్కు మనకు లేదు.

వచ్చే ఆగస్టు 9 నాటికి, ఈ సంచికలో ఒక్కో గూడెం నుంచి ఒక్కో ఆట, దాని నియమాలతో, దాని పాటతో, నేర్పిన అవ్వ పేరుతో అచ్చవ్వాలని మా కోరిక. పంపవలసింది మీరే.